కరివేపాకు లెక్క

తెల్లారి అయిదుకి, ఫిషింగ్ హార్బర్లో
నేను పడవలోకి సీసాలు అందిస్తుంటే
అర్జిల్లి పరసన్న రోజూ అడిగేదే అడుగుతాడు:
"ఏటమ్మా, ఇయ్యాల కూడా
నీళ్లలోంచి నీళ్లే అట్టుకెళ్తావా?"

అవును పరసన్నా, నీళ్లే.
డాల్ఫిన్స్ నోస్ నీడ దాటాక
నా సన్నపట్టు వల దింపి లాగితే
అడుగున మిగిలే గంజి తేటంత చిక్కదనం.
నీ వల కళ్లలోంచి జారిపోయేదంతా
నా వలలో ఉంటుంది.
నీ వలలో పడేదంతా దీన్ని తినే పెరుగుతుంది.
ఇద్దరం ఒకే కొట్టుకి
చెరో తలుపులోంచి వెళ్తున్నాం.

మధ్యాహ్నం ల్యాబులో ఫ్యాను శబ్దమే తప్ప గాలి లేదు.
అద్దం కింద ఒక కోపిపాడ్.
బియ్యపు నూకలో సగం,
నెత్తిన ఒకే ఒక్క ఎర్రటి కన్ను.
రెండు పొడుగు మీసాలూ బారచాపి
నీళ్ల మధ్య నిలబడి ఉంది,
మద్దిలపాలెం జంక్షన్లో
బస్సు నంబరు కోసం చూసే మనిషిలా.

కాళ్లతో నీళ్లు తనవైపు తోడుకుంటుంది.
ఒక డయాటమ్ వచ్చింది, గాజు డబ్బీలాంటిది.
పట్టుకుంది. అటూ ఇటూ తిప్పింది.
లోపలికి.
ఇంకొకటి వచ్చింది, గుండ్రటిది, తోక ఊపుకుంటూ.
ముట్టుకుంది
(ముట్టుకోవడమే దానికి రుచి చూడ్డం)
విదిలించి కొట్టింది.

ఎవరు నేర్పారే నీకిది?
చాటలో బియ్యం పోసుకుని
రాళ్లు ఏరడానికి మా అమ్మకి
కళ్లజోడూ, కిటికీ వెలుగూ,
పక్కన ఊసులాడే మనిషీ కావాలి.

రాత్రి మెస్సులో పులిహోర.
కరివేపాకులన్నీ ఏరి కంచం అంచుకి నెడుతుంటే
వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగి
అప్పలనరసమ్మ అంది:
"కరేపాక్కేటి పాపం సేసింది?"

మర్నాడు లెక్క.
ఇరవై నాలుగ్గంటలు చక్రం మీద తిరిగిన సీసా,
అయోడిన్ పడి టీ రంగుకి మారిన నీళ్లు.
గళ్లలో ఒక్కొక్క కణానికీ
బొటనవేలి కింద టిక్, టిక్.
తినకముందు గాజు డబ్బీలు నాలుగొందల పన్నెండు,
తోకలవి ముప్ఫై ఆరు.
తిన్నాక గాజు డబ్బీలు తొంభై.
తోకలవి డెబ్భై ఒకటి.
తప్పు లెక్కేశాననుకుని మళ్లీ మొదటి గడి నుంచి.
డెబ్భై ఒకటి.

కంచం అంచున పెట్టిన కరివేపాకు
అక్కడే ఎండుతుంది.
సముద్రంలో కంచానికి అంచు లేదు.
వద్దన్నది పక్కకి పోయి
తన పని తాను చూసుకుంటుంది,
పోటీ తగ్గిన చోట
ఒకటి రెండవుతుంది, చప్పుడు లేకుండా.

మార్చి చివర లాసన్స్ బే దగ్గర నీళ్లు
టమాటా చారులా తిరిగాయి.
ఫ్యాక్టరీ వాళ్లు వదిలేశారన్నారు.
గెడ్డ నీళ్లన్నారు.
గంగమ్మకి కోపమొచ్చిందన్నారు.
అందరి దగ్గరా కాస్త కాస్త నిజం ఉండే ఉంటుంది.
నూకలో సగం ఉన్న ఒక నోరు
కొన్నిటిని వద్దంది కాబట్టి కూడా కావచ్చని
నేను మాత్రం ఎవరికి చెప్పను?

ఆ పొద్దున పరసన్న వేళాకోళం ఆడలేదు.
ఇంజను ఆపాడు.
వంగి దోసెడు నీళ్లు తీసి వాసన చూశాడు.
నాలుక చివరకి తగిలించాడు.
తుపుక్కున ఉమ్మేశాడు.
"ఈ నీళ్లు కాదమ్మా. అవతలకి పోదుము."
పడవ ముక్కు భీమిలి వైపు తిరిగింది.

నేను సీసా నింపి తేదీ రాశాను.
మూత బిగించేముందు ఎందుకో
వేలు ముంచి
నేనూ నాలుక మీద పెట్టుకున్నాను.

ఉప్పు.
మళ్లీ ముంచాను. ఉప్పే.